కోల్డ్‌లో వేసినాం

నంద్యాలలో మురళీధర్ డాక్టరు దగ్గరికి పంటినొప్పితో వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చున్నాక, నోరు తెరిచేముందు ఒకసారి ట్రేలో ఉన్న సామాను వైపు చూస్తారు. ఆ చూపులో అనుమానం కనిపిస్తే అసిస్టెంటు లూదియా వెంటనే అంటుంది.

"భయపడాకండి. కోల్డ్‌లో వేసినాం."

అంతే, వాళ్ళు తలాడించి నోరు తెరిచేస్తారు. కోల్డ్ అంటే ఏమిటని ఈ పన్నెండేళ్ళలో ఒక్కరూ అడగలేదు. ఇంగ్లీషు మాట, పైగా ముక్కు మండించే మందు వాసన. ఇంక అడగడానికేముంది?

ఆ మాట లూదియా ఉద్యోగంలో చేరినరోజే నేర్చుకుంది. పూర్తిపేరు కోల్డ్ స్టెరిలైజేషన్. ఆవిరి యంత్రంలో పెడితే కరిగిపోయే రబ్బరు సామాను, ప్లాస్టిక్ సామాను కొంత ఉంటుంది. దాన్ని వేడి తగలకుండా, మందు నీళ్ళలో ముంచి, ఒక్క సూక్ష్మజీవి కూడా మిగలకుండా చంపడానికి పెట్టిన పద్ధతి అది. మందు డబ్బా మీద అంతా రాసే ఉంది. రక్తమూ గారా పోయేలా తోమి, తుడిచి, ఆరిన తర్వాతే ముంచాలి. పది గంటలు పూర్తిగా మునిగి ఉండాలి. కలిపిన మందును పద్నాలుగో రోజున పారబోయాలి. ఇంటర్ దాకా చదివిన లూదియా ఆ చిన్న అక్షరాలను మొదటి వారంలోనే చదివింది. రెండో వారం నుంచి డబ్బాను అక్షరాలు గోడవైపుకు తిప్పి పెట్టసాగింది.

ఆసుపత్రిలో ఆ మాట వాడుక వేరు. "కోల్డ్ చెయ్" అంటే తొట్టిలో పడెయ్యమని. "కోల్డ్ అయిందా?" అంటే బయటికి తియ్యొచ్చా అని. జనం లేని పూట అరగంట. జనం ఉన్న పూట డాక్టరు టీ తాగి వచ్చేంతసేపు. ఆవిరి యంత్రం లేక కాదు. దాని రబ్బరు రింగు అరిగిపోయి ఆరు నెలలైంది. కొత్తది తెప్పిస్తానని డాక్టరు అంటూనే ఉన్నాడు. అప్పటినుంచి ఇనుప సామాను కూడా కోల్డ్ పాలైంది. తొట్టిలో మందు తగ్గితే లూదియానే చెంబుతో నీళ్ళు కలిపేది. ఆకుపచ్చగా ఉండాల్సిన మందు రెండు వారాలకు పాచిపట్టిన కుంటలా తయారయ్యేది. మూత తీస్తే అడుగున గార పొట్టు, పైన దూది పోగులు, ఒక్కోసారి చిగుళ్ళ తునకలు తేలుతూ కనిపించేవి. మొదట్లో ఆమె అన్నం తినేముందు చేతులు మూడుసార్లు కడుక్కునేది. తర్వాత ఒకసారితో సరిపెట్టుకుంది.

డాక్టరు చెడ్డవాడని కాదు. చెయ్యి తేలిక. సూది గుచ్చింది తెలియనివ్వడు. లూదియాను పన్నెండేళ్ళలో ఒక్కనాడూ గట్టిగా కసిరి ఎరగడు. అందుకే ఆయన కోల్డ్ అయిందంటే అయినట్టే.

నెల కిందట కొత్తగా చదువు ముగించిన సాయి ప్రియ అనే అమ్మాయి చిన్న డాక్టరుగా చేరింది. చేరిన మూడో రోజే తొట్టి దగ్గర నిలబడి అడిగింది.

"అక్కా, ఇవి ఎన్ని గంటలుగా మునిగి ఉన్నాయి?"

"గంటలా? ఇప్పుడే గదమ్మా వేసినా. నువ్వు టిఫిన్ తినొచ్చేలోగా అయిపోతాది."

"కోల్డ్ అంటే పది గంటలక్కా. అరగంటకు తీస్తే దాన్ని కోల్డ్ అనరు."

"మరేమంటారు?"

"కాకిస్నానం అంటారు."

లూదియా నవ్వేసింది. "పది గంటలు నానబెట్టేదానికి ఇవేమన్నా మినపబేడలా తల్లీ? ఆలోగా జనం పక్క వీధి డాక్టరు దగ్గరికి పోతారు."

సాయి ప్రియ కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు చివరిదాకా రాలేదు. పెద్ద డాక్టరు లోపలికి రావడంతో ముఖానికి మాస్కు లాక్కుంది.

ఆ తర్వాత వచ్చింది ఆళ్ళగడ్డ శిబిరం. డాక్టరు మేనమామ ఆదిశేషయ్యకు ఆళ్ళగడ్డలో బట్టల దుకాణం ఉంది. భార్య కన్యకమ్మ పోయి ఏడాదైన సందర్భంగా ఆమె పేరున ఉచిత దంత వైద్య శిబిరం పెట్టిస్తానని పట్టుబట్టాడు. కల్యాణమండపం మాట్లాడాడు. ముందురోజు ఫోన్ చేసి కేకలు వేసినట్టు మాట్లాడితే గదంతా వినిపించింది.

"మురళీ, నూరుమందికి తగ్గకూడదప్పా! నూరుమందికి ఉచితంగా పండ్లు పీకుతారని ఫ్లెక్సీలో వేయించినా. తగ్గితే నా మానం పోతాది."

"అట్లే మామా. నువ్వు జనాన్ని తోలు, పీకేది నేను చూసుకుంటా."

ఉన్న సామాను పదిహేను సెట్లు. ఆ సంగతి లూదియా చెప్పింది. "కోల్డ్ తొట్టి తీసుకుపోదాం లే" అన్నాడు డాక్టరు. ఆ పైన నూట ఇరవై కాగితాల కట్ట ఒకటి ఆమె చేతికిచ్చాడు. పేరు, ఊరు, వయసు, కింద ఒక ప్రశ్న: షుగరు, బీపీ, గుండెజబ్బు, కామెర్లు ఏవైనా ఉన్నాయా?

"ఆడ ఒక్కొక్కర్నీ అడిగి రాసేదానికి పొద్దు చాలదు లూదియా. ఆ గడిలో ముందే 'లేదు' అని రాసి పెట్టేయ్."

ఆ సాయంత్రం ఇంట్లో సీరియల్ చూస్తూ నూట ఇరవైసార్లు 'లేదు' అని రాసింది లూదియా. వేలు నొప్పి పుడుతోందని భర్త దావీదు దగ్గర సణిగింది. రాబోయే నూట ఇరవైమందికీ, వాళ్ళ ముఖాలు చూడకుండానే, ఏ జబ్బూ లేదని తేల్చేసింది.

మర్నాడు తొమ్మిదింటికి ఆళ్ళగడ్డ కల్యాణమండపంలో పని మొదలైంది. భోజనాల హాల్లో రెండు కుర్చీలు వేశారు. ఉమ్మడానికి బకెట్ కావాలంటే మండపం మనిషి స్టీలు బకెట్ ఒకటి తెచ్చి పెట్టాడు. అది పెళ్ళిళ్ళలో సాంబారు వడ్డించే బకెట్. అంచు మీద మండపం పేరు చెక్కి ఉంది. లూదియా దాన్ని వెనక్కి ఇవ్వబోయింది.

"ఇది వద్దప్పా, వేరేది తే."

"ఏమైతాదమ్మా? కడిగేస్తాం గదా," అన్నాడు వాడు పోతూ పోతూ.

పదిన్నరకల్లా పదిహేను సెట్లూ అయిపోయాయి. వరండాలో ఇంకా డెబ్బైమంది ఉన్నారు. ఆదిశేషయ్య తెల్లపంచె ఎగ్గట్టి వరుస వెంట తిరుగుతూ, "తోసుకోవాకండి, అందరికీ పీకుతారు" అని లడ్డూలు పంచినంత సంబరంగా చెబుతున్నాడు.

"కోల్డ్ చెయ్ లూదియా," అన్నాడు డాక్టరు.

ఆమె చేసింది. మొదట పావుగంట ఉంచింది. తర్వాత పది నిమిషాలు. పదకొండు దాటేసరికి ఒక చేత్తో ముంచి ఇంకో చేత్తో తీస్తోంది. తోమడానికి వ్యవధి లేదు. పటకారు పళ్ళ మధ్య ఇరుక్కున్న చిగుళ్ళ తునకను గుడ్డతో లాగి పారేస్తే, అది వేలికి అంటుకుని వదిలేది కాదు. చిన్న అద్దాల మీద వక్కపొడి ముద్దలు, గుట్కా ఎరుపు. ఒకాయన నోటి కంపు ఇంకొకాయన నోటికి పోతున్నట్టు, అది తన చేతుల మీదుగానే పోతున్నట్టు అనిపించి ఆమె రెండుసార్లు ముఖం పక్కకు తిప్పుకుంది. తొట్టిలో మందు ఆకుపచ్చ నుంచి ఇటుకరంగుకు తిరిగింది. పైన ఎర్రటి జిడ్డు తెట్టు కట్టింది. రెండో కుర్చీలో సాయి ప్రియ పీకడం మానేసి, వచ్చినవాళ్ళ నోళ్ళు టార్చి వెలుగులో చూసి మాత్రలు మాత్రం రాసిస్తోంది. పెద్ద డాక్టరు అది గమనించి కూడా ఏమీ అనలేదు.

పన్నెండు కావస్తుండగా సంజీవయ్య అనే ఆయన కుర్చీలో కూర్చున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. రాతి విగ్రహాలు చెక్కే పని. కనురెప్పల మీద కూడా తెల్లటి రాతిపొడి ఉంది. కింది దవడ పన్ను కదిలి వేలాడుతోంది. డాక్టరు పట్టి ఒక్క తిప్పు తిప్పగానే ఊడి వచ్చింది. పటకారును తొట్టిలోకి జారవిడిచి, దూది పెట్టమని లూదియాకు సైగ చేశాడు.

రక్తం ఆగలేదు. దూది మార్చింది. అదీ తడిసిపోయింది. గట్టిగా కరిచి పట్టుకోమని చెప్పి, "ఏమన్నా మాత్రలు వాడతాండావా అప్పా?" అని అడిగింది. అలవాటు కొద్దీ అడిగిన ప్రశ్న. ఆయన దూదిని నాలుకతో పక్కకు నెట్టి మెల్లగా చెప్పాడు.

"వాడతాండా. కర్నూల్లో రాసిచ్చినారు. కామెర్లలో బి రకం అంట. రక్తంలో ఉంటాదంట. పోయేది కాదంట."

లూదియా చేతిలోని దూది పక్కన పెట్టింది. "ముందే చెప్పొద్దా?"

"ఎవరడిగినారమ్మా?" అన్నాడాయన. గొంతులో తప్పుపట్టడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. "రక్తం తీసేకాడ, పన్ను పీకేకాడ చెప్పాలని కర్నూలు డాక్టరు చెప్పినాడు. ఈడ కాగితం రాసేకాడ చెప్దామనుకున్యా. ఆడ పేరూ ఊరూ అడిగి తోసినారు."

బల్ల మీద ఆయన కాగితం ఉంది. గడిలో తన చేతిరాత. గుండ్రంగా, శ్రద్ధగా రాసిన 'లేదు'.   

డాక్టరు పక్కకు వెళ్ళి చెవిలో చెప్పింది. ఆయన కళ్ళు ఒక్క క్షణం సంజీవయ్య వైపు పోయాయి. అర్థమైంది. ఆయనకు తెలియక కాదు.

"పటకారు యాడుంది?"

"తొట్టిలో. అన్నిట్లో కలిసింది సార్. మందు పదిహేడు రోజులది. నీళ్ళు కలిపింది. నేనే కలిపినా."

ఆయన అర నిమిషం ఆలోచించాడు. ఆ అర నిమిషం లూదియా ఆయన్ని నమ్మింది. శిబిరం ఆపేస్తాడనే అనుకుంది.

"కోల్డ్‌లో వేసినాం గదా," అన్నాడాయన నెమ్మదిగా, ఎప్పుడూ రోగులతో ఆమె అనే గొంతుతోనే. "ఏం కాదులే. ఇంకా నలభైమంది ఉన్నారు. నెక్స్ట్."

వచ్చి కూర్చున్నది భారతమ్మ. చాగలమర్రి దగ్గర పల్లెలో సేద్యం చేసుకునే ఇంటి ముసలామె. పొద్దున మొదటి బస్సుకు వచ్చిందట. బుగ్గ ఉబ్బి కన్ను మూసుకుపోయింది. "తొందరగా పీకు నాయనా, తల పగిలిపోతాంది" అంటూ అడక్కుండానే నోరు తెరిచింది. పుచ్చిన పన్ను వాసన గుప్పుమంది. గులాబీరంగు చిగుళ్ళు, నాలుగైదు పళ్ళు, వణికే నాలుక. సూది మందు పడింది. మొద్దుబారడానికి కాసేపు ఆగి, డాక్టరు చెయ్యి చాపాడు.

"లూదియా, పటకారు."

ఆమె కదల్లేదు.

"లూదియా."

తొట్టిలో పటకారు కనిపిస్తోంది. పిడి మీద రాతిపొడి కలిసిన రక్తం ఇంకా తెల్లచారలుగా ఉంది. ఆమె ఇవ్వకపోతే ఆయనే వంగి తీసుకుంటాడు. తీసుకోబోయాడు కూడా. గ్లవ్సు వేళ్ళు మందులో మునిగేలోపల లూదియా తొట్టిని రెండు చేతులా ఎత్తి, ఉమ్మి బకెట్‌లోకి బోర్లించింది.

ఇనుము గలగలమని పడింది. ఉదయం నుంచి ముప్పైమంది ఉమ్మిన రక్తం, చీము, వక్కరసం ఒక్కసారి పైకి లేచి ఆమె చీర కుచ్చిళ్ళ మీద, డాక్టరు బూట్ల మీద చింది పడింది. పటకార్లు, అద్దాలు ఆ ముద్దలో మెల్లగా మునిగాయి.

"ఛీ! ఛీ ఛీ!" డాక్టరు గెంతినట్టు వెనక్కి పోయాడు. ముఖం వికారంగా ముడుచుకుపోయింది. పన్నెండేళ్ళలో ఆయన ముఖంలో అసహ్యం చూడడం అదే మొదలు. "ఏం పనే ఇది? ఆ ఎంగిలి బకెట్‌లో..."

"ఎంగిలే సార్. పొద్దున్నుంచీ తొట్టిలో ఉన్నదీ ఇదే. మందు రంగులో కనపడలేదు, అంతే. ఇప్పుడు తియ్యండి. తీసి ఆమె నోట్లో పెట్టండి."

ఆయన తియ్యలేదు. వరుసలో ముందున్నవాళ్ళు తొంగి చూసి ముక్కులు మూసుకున్నారు. ఆదిశేషయ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఏందీ, ఏమైంది? పీకేది ఎందుకు నిలబడిపోయింది? యాభై కూడా దాటలా!"

లూదియా చెప్పబోయి సంజీవయ్యను చూసింది. దూది కరిచి పట్టుకుని, గోడకానుకుని, తల దించుకుని కూర్చున్నాడు ఆయన. జబ్బు పేరెత్తితే ఇంతమందీ ఆయన మీదే పడతారు. అడగనిది తాము, తప్పు ఆయనది కాదు. ఆమె వరండా వైపు తిరిగింది. 

"ఇంక పండ్లు పీకరు. సామాను శుభ్రంగా లేదు. ఒకరి నోట్లోది కడిగీ కడగకుండా ఇంకొకరికి పెట్టినాం. పదిన్నర తర్వాత పీకించుకున్నోళ్ళు పెద్దాసుపత్రికి పోయి రక్తపరీక్ష చేయించుకోండి. కడగాల్సింది నేనే. తప్పు చేసినా."

 లోపలినుంచి డాక్టరు గొంతు వినిపించింది. "విన్నారుగా! మా అసిస్టెంటు సరిగ్గా కడగలేదంట. మాకేం తెలుసు, చెప్పండి." మాటల్లో తొట్రుపాటు లేదు, తేలికైన చెయ్యి లాంటి గొంతు. తన తప్పు తీసి లూదియా నోట్లో పెట్టిన సంగతి ఎవరికీ తెలియనంత తేలిగ్గా. 

"ఒక్క ఆమె తప్పు కాదు సార్," అంది సాయి ప్రియ. ఆ అమ్మాయి మాస్కు కిందికి లాగింది.  ఇంకేదో చెప్పబోయింది గానీ జనం అరుపుల్లో అది ఎవరికీ వినబడలేదు.

జనం అరిచింది లూదియా మీదనే. పీకించుకున్నవాళ్ళు చెంపలు పట్టుకుని తిట్టారు, కొందరు అక్కడే గొంతులో వేలు పెట్టుకుని కక్కబోయారు. పీకించుకోనివాళ్ళు అంతకంటే ఎక్కువ తిట్టారు.

"కూలి పోగొట్టుకుని వచ్చినాం మే! నువ్వెవరు వద్దనేదానికి?"

"డాక్టరు పీకుతాననంగా పనిమనిషికేం నొప్పి?"

"కొంచెం వేన్నీళ్ళల్లో కడిగి పీకొచ్చు గదా. మాకేం పట్టింపు లేదు."

ఆ చివరి మాట అన్నాయన నిజంగానే బకెట్ వైపు ఆశగా చూశాడు. లూదియా ఆ బకెట్‌ను అవతలికి, మోరీ దగ్గరికి మోసుకుపోయింది. అంచు మీది మండపం పేరు ఆమె వేళ్ళకు గరుకుగా తగిలింది.

తిరిగి వచ్చేసరికి భారతమ్మ ఇంకా కుర్చీలోనే ఉంది. మొద్దుబారిన బుగ్గ పట్టుకుని ఏడుస్తోంది.

"నా పన్ను సంగతేందీ? అర్ధరాత్రే లేచి వచ్చిన్యా. అందరికీ పీకి, నా వంతుకే నీకు నీతి గుర్తుకొచ్చిందా?"

"నంద్యాలకు పోదాం పా అవ్వా. పెద్దాసుపత్రిలో చూపిస్తా."

"నీతోనా!" అంది ముసలామె. కానీ ఆమెకు వేరే దిక్కు లేదు. సాయి ప్రియ ఆమెను ఏ మాత్రలు పడతాయో పడవో అడిగి, నొప్పి మాత్ర ఒకటి ఇచ్చి, చీటీ మీద ఏ మందు సూది వేశారో రాసిచ్చింది. డాక్టరు బయట కారు దగ్గర బూట్లు కడిగించుకుంటున్నాడు. లూదియా పక్కనుంచి పోతుంటే, "రేపట్నుంచి రావాకు" అన్నాడు. గట్టిగా అనలేదు. ఆమె కూడా ఆగలేదు.

బస్సులో ఇద్దరికీ చోటు దొరికింది. భారతమ్మ తువ్వాలుతో దవడ కట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. బస్సు సిరివెళ్ళ దాటింది. లూదియా చీర కుచ్చిళ్ళ మీది మరకలు ఎండి అట్టకట్టాయి. మందు వాసన, ఎంగిలి వాసన కలిసి, ఎండకు ఇంకా పైకి వస్తున్నాయి. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూసి, లేచి వేరే చోటికి పోయాడు.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పు," అంది భారతమ్మ. "ఈ ఒక్కరోజేనా, ముందు నుంచీ అంతేనా?"

"ముందు నుంచీ అంతే."

"నీకు తెలిసేనా?"

"తెలిసే."

"ఎంతమందికి?"

"తెలీదవ్వా. లెక్క లేదు."

ముసలామె పైటచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇద్దరి మధ్యా తన సంచి జరిపి పెట్టింది.  నంద్యాల ఊరిలోకి వస్తూ బస్సు నెమ్మదించగానే లూదియా ఆసరాగా చెయ్యి ఇవ్వబోయింది.

"పట్టుకోవాకు. నేనే దిగుతా," అంది భారతమ్మ. చెయ్యి తగలకుండా కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. కింద నిలబడి, ఆయాసం తీర్చుకుని, లూదియా ముఖం చూడకుండానే అంది.

"ఆడ మాత్రం నువ్వే అడగాల. సామాను దేంట్లో వేసినారు, ఎంతసేపు వేసినారు అని. నాకు ఆ అడిగేది తెలీదు."

లూదియా సరేనంది. నాలుగడుగులు దూరంగా ఆమె వెనకే నడిచింది.